సీసాలో వేప ఎంత? సౌందర్య సాధనాల్లో మొక్కల సారాలు, స్వచ్ఛత, లేబుళ్లు

సౌందర్య సాధనాల పరిశ్రమలో మొక్క సారం అంటే ఆకునో, వేరునో, గింజనో ఏదో ఒక ద్రావకంలో నానబెట్టి, వడగట్టి తీసిన పదార్థం. ఆ ద్రావకం నీరు కావచ్చు, ఆల్కహాల్ కావచ్చు, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నువ్వుల నూనె, అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడ్ కావచ్చు. ద్రావకం మారితే సారమూ మారుతుంది. వేపాకును నీళ్లలో కాస్తే టానిన్లు, చక్కెరల వంటి నీటిలో కరిగేవి కషాయంలోకి వస్తాయి. అదే ఆకును ఆల్కహాల్‌లో నానబెడితే పత్రహరితం, ఇంకా నీటిలో కరగని పదార్థాలెన్నో దిగుతాయి. గింజను గానుగాడితే వచ్చేది ఘాటు వాసన నూనె. పురుగులను తరిమే గుణానికి పేరొందిన అజాడిరక్టిన్ ప్రధానంగా ఉండేది ఆ గింజలోనే. ఈ మూడింటినీ జనం వేప అనే అంటారు, ప్రకటనలూ వేప అనే చెబుతాయి. చర్మం మీద వాటి పని మాత్రం ఒకటి కాదు.

ఒకే రసాయనం ఉన్న పదార్థానికి స్వచ్ఛత లెక్క తేలిక. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు అదే ఉంటే స్వచ్ఛత 99 శాతం. వందల పదార్థాలు కలగలిసిన మొక్క సారానికి ఆ లెక్క కుదరదు. అది చెప్పిన మొక్కేనా, ఆ మొక్కలో చెప్పిన భాగమేనా, దానిలో ఉండవలసినవి తగినంత ఉన్నాయా, ఉండకూడనివి ఎంత ఉన్నాయి అన్న ప్రశ్నలన్నీ కలిస్తేనే ఇక్కడ స్వచ్ఛత తేలేది. వీటిలో మొదటి రెండింటికే లేబుల్ జవాబు చెబుతుంది, అదీ తయారీదారు మాట మీద. మిగతా రెండింటి మీద అది నోరు మెదపదు. మొక్కల పేరుతో అమ్ముడయ్యే సరుకు విషయంలో వచ్చే వివాదాల్లో అధికభాగం ఈ మౌనం నుంచే పుడుతున్నాయి.

పేరు దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా లేబుళ్ల మీద వాడే ఇన్సీ పద్ధతిలో మొక్క లాటిన్ పేరు, దాని భాగం, తయారైన రూపం వరుసగా రాస్తారు: అజాడిరక్టా ఇండికా లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్, కర్కుమా లాంగా రూట్ ఎక్స్‌ట్రాక్ట్, అలో బార్బడెన్సిస్ లీఫ్ జ్యూస్. కొనేవారికి ఇది అర్థం కాని భాషగానే కనిపించినా, వాడుక పేర్లతో వచ్చే గందరగోళానికి ఇంతకంటే మంచి విరుగుడు లేదు. బ్రాహ్మి అన్న పేరునే తీసుకుంటే, కొన్ని ప్రాంతాల్లో అది బకోపా మొన్నియేరి, మరికొన్ని చోట్ల సెంటెల్లా ఏషియాటికా, అంటే మనం సరస్వతి ఆకు అనేది. రెండూ తడినేలల్లో పెరిగే చిన్న మొక్కలే గానీ వేర్వేరు కుటుంబాలవి. కొరియా క్రీముల వల్ల ఇటీవల ‘సికా’ పేరుతో గిరాకీ పెరిగింది రెండోదానికి. దానిలోని ఏషియాటికోసైడ్, మడెకాసోసైడ్ అనే పదార్థాలు బకోపాలో ఉండవు. బ్రాహ్మి తైలం సీసా మీద లాటిన్ పేరు లేకపోతే లోపల ఉన్నది ఏ బ్రాహ్మో చెప్పడం కష్టం.

కస్తూరి పసుపుదీ ఇదే కథ. అసలైన కస్తూరి పసుపు కర్కుమా అరొమాటికా. దాని దుంప లోపల పాలిపోయిన మీగడ రంగులో ఉంటుంది, పొడి కర్పూరం కలిసినట్టు వాసన వేస్తుంది, ముఖానికి రాసుకుంటే పచ్చగా అంటుకోదు. ముఖానికి దీన్ని ఎంచుకోవడానికి కారణమే అది. దక్షిణాది మూలికల దుకాణాల్లో ఈ పేరుతో తరచుగా దొరికేది మాత్రం ముదురు రంగు దుంపలున్న మరో జాతి కర్కుమా. పొడి కొట్టాక రెంటికీ తేడా కనిపెట్టడం మామూలు కంటికి సాధ్యం కాదు. ఇక్కడ మోసమే జరిగిందని ప్రతిసారీ అనలేం. సేకరించే దగ్గర మొదలైన పొరపాటు చేతులు మారుతూ, చివరికి లేబుల్ మీద శాస్త్రీయ నామంగా స్థిరపడుతుంది.

ధర పెరిగేకొద్దీ పొరపాటు స్థానంలోకి కల్తీ వస్తుంది. మంచిగంధం నూనెకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐఎస్‌ఓ 3518 ప్రకారం అందులో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి. లండన్‌లోని క్యూ ఉద్యానవనం శాస్త్రవేత్తలు మంచిగంధం శాస్త్రీయ నామమైన శాంటలం ఆల్బం పేరుతో అమ్ముతున్న నూనెలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో సుమారు సగం మాత్రమే ప్రమాణానికి సరిపోయాయి. ఆస్ట్రేలియా గంధం, వెస్టిండీస్ గంధంగా చలామణి అయ్యే అమైరిస్, ప్రయోగశాలలో తయారైన సువాసన రసాయనాలు ఈ నూనెలో కలిపేందుకు సిద్ధంగా దొరుకుతాయి. ముక్కుతో పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. గ్యాస్ క్రొమటోగ్రఫీ మాత్రం పట్టేస్తుంది.

గంధానికీ ఎర్రచందనానికీ మధ్య అయోమయం తెలుగు నేలకు దగ్గరి విషయం. శేషాచలం, నల్లమల, వెలికొండ అడవుల్లో పెరిగే ఎర్రచందనం, టెరోకార్పస్ శాంటలినస్, మంచిగంధానికి చుట్టం కూడా కాదు. దానికి చెప్పుకోదగ్గ పరిమళం లేదు, ఉన్నదల్లా రంగు. ఆ రంగునిచ్చే శాంటలిన్ నీటిలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే అసలైన రక్తచందనం పొడిని గ్లాసుడు నీళ్లలో వేస్తే నీళ్లు దాదాపు రంగు మారవు, పొడి అడుగుకు దిగుతుంది. అదే పొడిని స్పిరిట్‌లో వేస్తే క్షణాల్లో నెత్తుటి ఎరుపు తేలుతుంది. పొట్లం విప్పి నీళ్లలో వేయగానే గ్లాసంతా ఎర్రబడితే అది రంగు పట్టించిన రంపపు పొట్టు అయివుండే అవకాశమే ఎక్కువ. అంతర్జాతీయ వ్యాపారంలో ఆంక్షలున్న, చట్టబద్ధంగా కొద్దిగానే బయటికి వచ్చే ఈ కలప ఇన్ని వందల రకాల ఫేస్‌ప్యాకుల్లోకి ఎలా చేరుతోందన్నది అడగవలసిన ప్రశ్న.

అన్నిటికంటే ఎక్కువ హాని జరిగింది గోరింటాకు విషయంలో. ఆషాఢంలో చెట్టు నుంచి కోసుకొచ్చి, రుబ్బి పెట్టుకునే గోరింటాకుకు లేబుల్ అక్కరలేదు. దానిలో రంగు పండించేది లాసోన్. ఎండు ఆకులో అది ఉండేది ఒక శాతం అటూ ఇటూగానే. అది చర్మపు పై పొరలోని కెరటిన్‌ను మెల్లగా పట్టుకుంటుంది. రాత్రంతా ఉంచుకుంటే తెల్లారేసరికి నారింజ రంగు, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపు. లాసోన్ ఎప్పటికీ నలుపు ఇవ్వదు. గంటలోపే నల్లగా పండే ‘బ్లాక్ హెన్నా’లో ఉండేది పారాఫినిలీన్‌డయమీన్, పొట్టిగా పీపీడీ. జుట్టు రంగుల్లో వాడే ఈ రసాయనాన్ని ఐరోపా 2 శాతం మించకుండా జుట్టుకు మాత్రమే అనుమతిస్తుంది, చర్మానికి కాదు. అమెరికాలోనైతే అసలు గోరింటాకునే చర్మానికి అనుమతించలేదు, జుట్టుకే పరిమితం చేశారు. పీపీడీ పడని వారికి డిజైన్ గీసినచోటల్లా బొబ్బలు లేస్తాయి. ఒకసారి అలర్జీ వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. తర్వాత ఎప్పుడో జుట్టుకు రంగు వేసుకున్నప్పుడు ముఖం, కళ్లు వాచిపోవచ్చు. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో చిన్నపిల్లల చేతులకు పెట్టే కోన్ల మీద చాలాసార్లు పదార్థాల జాబితాయే ఉండదు. ఇది ఎంతమాత్రం ఉపేక్షించదగ్గ విషయం కాదు.

జుట్టుకు వాడే ‘హెన్నా’ పొట్లాల సంగతి వేరు. నలుపు, ముదురు గోధుమ అని రాసి ఉన్న పొట్లాల్లో గోరింట పొడితో పాటు పీపీడీ, దాన్ని పనిచేయించే బేరియం పెరాక్సైడ్ లాంటివి ఉండటం మామూలు. ఇది చట్టవిరుద్ధం కాదు. అయితే భారత నిబంధనల ప్రకారం పీపీడీ ఉన్న జుట్టు రంగు మీద హెచ్చరిక ఉండాలి, ముందుగా కొద్దిచోట రాసి పరీక్షించుకోవాలని చెప్పాలి, కనురెప్పలకూ కనుబొమలకూ వాడితే చూపు పోవచ్చని రాయాలి, అదీ ఇంగ్లిషుతో పాటు స్థానిక భాషల్లోనూ. పొట్లం ముందువైపు పెద్దగా ఆకు బొమ్మ, ‘హెర్బల్’ అన్న మాట వేసి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఆ హెచ్చరిక వేస్తే చట్టం తృప్తి పడుతుంది. కొనేవారి కళ్లు మాత్రం ఆకు బొమ్మ మీదే ఆగిపోతాయి.

నాసిరకం గోరింట పొడిలో ఇసుక, ఇతర ఆకుల పొడి, పచ్చదనం కోసం కలిపిన కృత్రిమ రంగు కనిపిస్తాయి. తడి తెల్లకాగితం మీద చిటికెడు పొడి చల్లితే అసలు గోరింట చుట్టూ గోధుమ, నారింజ ఛాయ పాకుతుంది. ఆకుపచ్చ పాకితే అది కలిపిన రంగు. పత్రహరితం నీటిలో కరగదు కాబట్టి పచ్చదనం నీళ్లలోకి దిగకూడదు. ఇసుకను పట్టడానికి ఆయుర్వేద ఫార్మకోపియాలో పాత, నమ్మకమైన పద్ధతి ఉంది: పొడిని కాల్చి బూడిద చేసి, ఆమ్లంలో కరగని బూడిద ఎంత మిగిలిందో తూచడం. ఖరీదైన యంత్రాలు లేని చిన్న ప్రయోగశాల కూడా చేయగలిగిన పరీక్ష ఇది.

స్వచ్ఛమైనదంతా నిరపాయకరమని అనుకోవడమూ పొరపాటే. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లలకు అసలైన గోరింటాకు రాసినా ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమైన సంఘటనలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. బావంచాలు మరో ఉదాహరణ. బొల్లి చికిత్సలో ఈ గింజలను వాడింది వాటిలోని సొరాలెన్ కోసమే. సొరాలెన్ రాసుకున్న చర్మం ఎండ తగిలితే కందిపోతుంది, మోతాదు మించితే కాలుతుంది. ఇప్పుడు అదే గింజ నుంచి తీసే బకుచియోల్‌కు రెటినాల్‌కు ప్రత్యామ్నాయంగా మంచి పేరొచ్చింది. 44 మంది మీద 12 వారాల పాటు రెండింటినీ పోల్చిన అధ్యయనం 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వెలువడింది. ముడతలు తగ్గించడంలో రెండూ సమానంగా కనిపించాయి, చర్మం మంట బకుచియోల్ వాడినవారిలో తక్కువ. ఆ ఫలితం శుద్ధి చేసిన బకుచియోల్‌కు మాత్రమే వర్తిస్తుంది. సొరాలెన్ తీసేయని బావంచాల సారానికి కాదు. లేబుల్ మీద ‘బకుచియోల్’ అని ఉందా, ‘సొరాలియా కొరిలిఫోలియా సీడ్ ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉందా అన్నది ఇక్కడ నిజంగా చూసుకోవలసిన తేడా. ఎండ నుంచి కాపాడే క్రీముల్లో సొరాలెన్ కుటుంబపు పదార్థాలు కిలోకు ఒక మిల్లీగ్రాము కంటే తక్కువే ఉండాలని ఐరోపా నియమం పెట్టింది ఈ భయంతోనే.

సారంలో మొక్క లేకపోవడం ఒక మోసమైతే, మొక్క చేయని పనిని దాని ఖాతాలో వేయడం మరొకటి. దబ్బజాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం క్రిములను చంపుతుందని, కృత్రిమ ప్రిజర్వేటివ్‌లకు బదులుగా వాడవచ్చని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ శాస్త్రవేత్తలు 1999లో మార్కెట్లోని ఆరు సారాలను పరీక్షించారు. ఐదింటిలో బెంజిథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ క్రిమిసంహారిణి ఉంది. అది లేని ఆరో సారం ఏ క్రిమినీ ఆపలేకపోయింది. అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులూ 2001లో ఇదే రసాయనాన్ని గుర్తించారు. ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అని రాసుకున్న సీసాను కాపాడుతున్నది ప్రిజర్వేటివే అన్నమాట. పులియబెట్టిన ముల్లంగి నుంచి తీసినట్టు చెప్పే సహజ ప్రిజర్వేటివ్‌లోనూ 2015లో ఇలాంటి కృత్రిమ అమ్మోనియం లవణాలే బయటపడ్డాయి.

కలబంద కథ మరోరకం. కలబంద గుజ్జుకు గుర్తు అసిమన్నాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు. దానితో పాటు మాలిక్ ఆమ్లం, గ్లూకోజ్ కూడా ఉంటాయి. 2016లో బ్లూంబర్గ్ వార్తాసంస్థ అమెరికాలోని పెద్ద దుకాణాల సొంత బ్రాండ్ జెల్‌లను పరీక్ష చేయిస్తే, లేబుల్ మీద కలబంద రసం నీటి తర్వాత మొదటి స్థానంలోనే ఉన్నా, ఆ గుర్తులు చాలావాటిలో కనిపించలేదు. చవకైన మాల్టోడెక్స్‌ట్రిన్ కనిపించింది. కలబంద రసాన్ని ఎండబెట్టి, 200 పాళ్ల రసానికి ఒక పాలు పొడిగా కూడా అమ్ముతారు. ఆ పొడి అర గ్రాము తీసుకుని, దానికి దాదాపు 200 రెట్ల నీళ్లలో కలిపి ‘99 శాతం కలబంద’ అనడానికి లెక్కలో వీలుంది. పొడి నిజమైనదైతే ఆ లెక్క తప్పు కూడా కాదు. పొడి మాల్టోడెక్స్‌ట్రిన్‌తో సగం నిండి ఉంటే మాత్రం 99 అంకెకు అర్థం ఉండదు.

ఏ పరీక్ష దేనికి పనికొస్తుందో తెలియకపోతే పరీక్షలే తప్పుదారి పట్టిస్తాయి. ఎండిన ఆకునూ వేరునూ సూక్ష్మదర్శిని కింద చూసి గుర్తించవచ్చు. డీఎన్ఏ పరీక్ష కూడా పొడి దశలో బాగా పనిచేస్తుంది. ద్రావకంలో ఉడికి, వడకట్టిన సారంలో డీఎన్ఏ మిగలకపోవచ్చు. 2015లో న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం డీఎన్ఏ పరీక్ష ఆధారంగా మూలికల మాత్రల్లో మూలికలే లేవని ప్రకటించినప్పుడు, ఈ కారణంగానే శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. సారాలకు హెచ్‌పీటీఎల్‌సీ పలక మీద వరుస పట్టీలుగా కనిపించే రసాయన ముద్ర, హెచ్‌పీఎల్‌సీతో గుర్తింపు పదార్థాల కొలత నమ్మదగ్గవి. అయితే గుర్తింపు పదార్థం ఒక్కదాన్నే కొలిస్తే దాన్నే విడిగా కొని కలిపేవారు ఉంటారు. అందుకని మొత్తం ముద్రనూ చూడాలి.

ఉండకూడనివాటిలో ముఖ్యమైనవి సీసం, ఆర్సెనిక్, పాదరసం, పురుగుమందుల అవశేషాలు, మిగిలిపోయిన ద్రావకాలు, సూక్ష్మజీవులు. మట్టిలో పెరిగి, కళ్లంలో ఎండిన వేరుపొడిలో బ్యాక్టీరియా బీజాలు ఉండటం సహజం. నీరున్న క్రీములో అవి పెరుగుతాయి. సౌందర్య సాధనాలకు ఐఎస్‌ఓ 17516 గ్రాముకు వెయ్యి సూక్ష్మజీవుల పరిమితి పెట్టింది, పసిపిల్లల సరుకుకూ కళ్ల చుట్టూ వాడేవాటికీ అది వంద. భారత నిబంధనలు పాదరసాన్ని కంటి సాధనాల్లో 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70) వరకు సహిస్తాయి. మిగతా వాటిలో అనుకోకుండా చేరినా 1 పీపీఎం దాటకూడదు. మూలికల పేరు పెట్టుకుని, పాదరసంతోనో స్టెరాయిడ్లతోనో చర్మాన్ని తెల్లబరిచే క్రీములు ఈ పరిమితికి ఎన్నో రెట్లు దాటినట్టు దేశదేశాల్లో బయటపడింది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో వైద్యులు మూత్రపిండాల జబ్బును అలాంటి క్రీముల వాడకంతో ముడిపెట్టారు. ఆ పాదరసం ఏ లేబుల్ మీదా ఉండదు.

భారతదేశంలో లేబుల్‌కు ఆధారం 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్, 2020. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను బరువు లేదా పరిమాణం ప్రకారం అవరోహణ క్రమంలో రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఈ చివరి వెసులుబాటే అసలు కీలకం. ఒక సగటు హెర్బల్ ఫేస్‌వాష్ వెనక ఉండే జాబితా ఇలా నడుస్తుంది: నీరు, సోడియం లారెత్ సల్ఫేట్, కోకమిడోప్రొపైల్ బీటైన్, గ్లిజరిన్, ఉప్పు, వేపాకు సారం, తులసి సారం, పసుపు సారం, ఫినాక్సీఇథనాల్, పరిమళం, రంగు. ఫినాక్సీఇథనాల్‌కు ఐరోపాలో గరిష్ఠ పరిమితి 1 శాతం, మిగతా చోట్లా సాధారణంగా ఆ మేరకే వాడతారు. కాబట్టి దాని చుట్టుపక్కల ఉన్నవన్నీ ఒక శాతం గీతకు కింద ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ వరుసకు అర్థం లేదు కాబట్టి వేప, తులసి, పసుపు రసాయనాల కంటే ముందు నిలుస్తాయి. ఇంకా లోపలికి వెళ్తే, ఆ వేపాకు సారం గ్లిజరిన్‌లో తీసినదైతే దానిలో వేప నుంచి వచ్చిన ఘనపదార్థం రెండు శాతమే ఉండవచ్చు. 100 గ్రాముల ట్యూబులో ఒక శాతం సారం అంటే ఒక గ్రాము, అందులో వేపది 20 మిల్లీగ్రాములు. ముఖం కడుక్కున్న అర నిమిషంలో అదీ నీళ్లతో పోతుంది. ద్రావకాన్ని విడిగా రాయడం మంచి పద్ధతి. దాన్ని సారంలోనే కలిపి చూపితే మొక్క పేరు జాబితాలో ఇంకా పైకి జరుగుతుంది. కొన్ని తలనూనెల్లో భృంగరాజ్, ఉసిరి పేర్లు ముందువైపు మెరుస్తుంటే, వెనక జాబితాలో మొదట ఉండేది లైట్ లిక్విడ్ పారాఫిన్, అంటే పెట్రోలియం నుంచి తీసిన నూనె.

పరిమళం అన్న ఒక్క మాట వెనక పదుల పదార్థాలు దాగుతాయి. మొక్కల సుగంధ నూనెల్లోని లిమోనిన్, లినలూల్, జెరానియోల్, సిట్రాల్ కొందరికి అలర్జీ తెచ్చేవే. ఒంటి మీద ఉండిపోయే సరుకులో 0.001 శాతం, కడిగేసే సరుకులో 0.01 శాతం దాటితే ఇలాంటివాటి పేర్లు విడిగా రాయాలని ఐరోపా నియమం. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు, మంచిగంధం నూనె కూడా అందులో చేరింది. కొత్త సరుకుకు 2026 జూలై 31 నుంచి, పాత సరుకుకు 2028 జూలై 31 నుంచి ఇది వర్తిస్తుంది. భారత్‌లో అమ్మే చాలా సరుకుల లేబుళ్ల మీద ఇప్పటికీ ‘పర్ఫ్యూమ్’ అన్న మాటతోనే సరిపెడుతున్నారు.

‘నేచురల్’, ‘హెర్బల్’ మాటలకు బరువు తక్కువ. అమెరికా ఎఫ్‌డీఏ సౌందర్య సాధనాలకు ‘నేచురల్’ను నిర్వచించలేదు. 2016, 2017లలో వచ్చిన ఐఎస్‌ఓ 16128 సహజమూల శాతాన్ని లెక్కించే పద్ధతి ఇచ్చింది గానీ, నీటిని కూడా సహజ పదార్థంగా లెక్కలో వేసుకోనిస్తుంది. షాంపూలో అధికభాగం నీరే కాబట్టి ‘95 శాతం సహజం’ అనిపించుకోవడం పెద్ద కష్టం కాదు. భారత్‌లో 2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు, పర్యావరణం పేరు చెప్పే ఇలాంటి మాటలకు ఆధారం చూపాలంటున్నాయి.

చిన్న ప్యాకెట్ల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ద్రవాలకు, 30 గ్రాముల కంటే తక్కువ ఘన, అర్ధఘన సరుకుకు పదార్థాల జాబితా అక్కరలేదని నిబంధనల్లో మినహాయింపు ఉంది. పల్లెటూరి కిరాణా కొట్లో దండగా వేలాడే షాంపూ ప్యాకెట్లు, చిన్న క్రీము డబ్బాలు ఈ గీతకు లోపలే పడతాయి. పెద్ద సీసా కొనలేనివారికి లోపల ఏముందో తెలుసుకునే హక్కు కూడా తగ్గిపోతోంది. జాబితా ఉన్నచోట కూడా అది ఇంగ్లిషు, లాటిన్‌లలోనే ఉంటుంది.

మొక్క ఎంత ఉందో లేబుల్ మీద రాయడం కుదరని పని కాదు. ఆయుర్వేద లైసెన్సు కింద తయారయ్యే సరుకుకు ఔషధ నిబంధనల్లోని 161వ నిబంధన ఎప్పటినుంచో వర్తిస్తోంది: ప్రతి మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, ఏ రూపంలో వాడారు, ఎంత పరిమాణం అన్నది లేబుల్ మీద ఉండాలి. ఒకే వేప, ఒకే రకం క్రీము, లైసెన్సు ఆయుర్వేదమైతే మిల్లీగ్రాముల్లో లెక్క కనిపిస్తుంది, కాస్మెటిక్ అయితే పేరు మాత్రమే. ఇక సారాలు అమ్మే కంపెనీలు ప్రతి బ్యాచ్‌తో పాటు విశ్లేషణ పత్రం ఇస్తాయి. ఏ భాగం, ఏ ద్రావకం, ఎన్ని కిలోల ఆకుకు ఎంత సారం వచ్చింది, గుర్తింపు పదార్థం ఎంత శాతం, లోహాలు, సూక్ష్మజీవులు ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతోంది. దానిలోని రెండు అంకెలు, కలిపిన సారం ఎంత, ఆ సారంలో గుర్తింపు పదార్థం ఎంత అన్నవి, లేబుల్‌కు ఎక్కించడానికి కొత్త పరీక్షలేవీ అవసరం లేదు. నిబంధనలో ఒక వాక్యం చేరిస్తే చాలు.